ఫోన్‌కి లాక్ ఉంది సరే, మరి సిమ్‌కి?

ఫోన్ పోతే మనకి ముందుగా గుర్తొచ్చేది దాని ఖరీదు, ఆ తర్వాత అందులోని ఫోటోలు. "ఫింగర్‌ప్రింట్ లాక్ ఉందిలే, ఎవడూ ఓపెన్ చేయలేడు" అని ఒక ధైర్యం కూడా ఉంటుంది. ఆ ధైర్యం ఫోన్ వరకు నిజమే. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఐఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి, లాక్ తెలియకుండా లోపలివి తీయడం మామూలు దొంగకి అయ్యే పని కాదు. కానీ వాడికి మీ ఫోన్ తెరవాల్సిన అవసరమే లేదు. పక్కనున్న ట్రేని పిన్నుతో నొక్కితే సిమ్ బయటికొస్తుంది. దాన్ని ఇంకో ఫోన్‌లో వేస్తే మీ నంబర్ వాడి చేతిలో ఉన్నట్టే.

ఇది ఎంత సులువో చూద్దామని నేను నా సిమ్ తీసి, ఇంట్లో పడి ఉన్న పాత కీప్యాడ్ ఫోన్‌లో వేశాను. లాప్‌టాప్‌లో ఒక షాపింగ్ సైట్ తెరిచి నా నంబర్ కొట్టాను. కీప్యాడ్ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, అది ఎంటర్ చేయగానే లోపలికి వెళ్ళిపోయాను. పాస్‌వర్డ్ అడగలేదు. ఇంటి అడ్రస్, పాత ఆర్డర్లు అన్నీ కళ్ళ ముందే. తర్వాత వేరే ఫోన్‌లో వాట్సాప్ వేసి అదే నంబర్‌తో రిజిస్టర్ చేశాను. 6 అంకెల కోడ్ అలాగే వచ్చింది. అక్కడ మాత్రం బండి ఆగిపోయింది, ఎందుకంటే టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ నేను ముందే పెట్టి ఉంచాను.

మరి డబ్బు సంగతి? యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో రిజిస్టర్ కావాలంటే ఆ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. సిమ్ వాడి దగ్గరే ఉంది కదా. యూపీఐ పిన్ మార్చాలంటే డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, ఎక్స్‌పైరీ తేదీ, ఓటీపీ కావాలి. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి, అది కొంత నయం. ఇప్పుడు మీ ఫోన్ పౌచ్ ఒకసారి తెరిచి చూడండి. ఏటీఎం కార్డు, మడత పెట్టిన ఆధార్ జిరాక్స్ అందులోనే ఉన్నాయా? మన దగ్గర ఇది బాగా అలవాటు. బస్సులో జేబు కొట్టేవాడికి మనమే అన్నీ ఒక ప్యాకెట్ చేసి ఇచ్చినట్టు! దయచేసి కార్డు పర్సులోకి మార్చండి, ఇది సెట్టింగ్ కూడా కాదు.

ఇక అసలు విషయం. సిమ్‌కి సొంతంగా ఒక పిన్ ఉంటుంది. కీప్యాడ్ ఫోన్ల రోజుల నుంచీ ఉంది, పైసా ఖర్చు లేదు, అయినా వాడేవాళ్ళు నాకు పెద్దగా కనపడలేదు. అది ఆన్ చేస్తే ఫోన్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ, సిమ్ వేరే ఫోన్‌లో వేసినప్పుడు కూడా, పిన్ కొట్టాకే నెట్‌వర్క్ వస్తుంది. కొట్టకపోతే ఓటీపీ లేదు, కాల్ లేదు. ఎమర్జెన్సీ కాల్ మాత్రం వెళ్తుంది.

సెట్టింగ్స్‌లో పైన ఉండే సెర్చ్ బాక్స్‌లో సిమ్ లాక్ అని ఇంగ్లీషులో టైప్ చేస్తే ఆండ్రాయిడ్‌లో ఆప్షన్ దొరుకుతుంది. కంపెనీని బట్టి మెనూ మారుతుంది కాబట్టి వెతుక్కోవడమే మేలు. ఐఫోన్‌లో అయితే మొబైల్ డేటా సెట్టింగ్స్‌లో సిమ్ పిన్ అని ఉంటుంది. రెండు సిమ్‌లు ఉంటే దేనికది విడిగా పెట్టాలి.

ఇక్కడ కాస్త ఆగండి. ఆన్ చేసేటప్పుడు పాత పిన్ అడుగుతుంది. అంటే మీరు ఎప్పుడూ పెట్టకపోయినా కంపెనీ ముందే పెట్టిన డిఫాల్ట్ పిన్ అన్నమాట. అది ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కోలా ఉంటుంది, యూట్యూబ్ చూసి ఊహించి కొట్టకండి. 3 సార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అయి 8 అంకెల పీయూకే కోడ్ అడుగుతుంది. అది కూడా 10 సార్లు తప్పైతే ఆ సిమ్ పనికిరాదు, కొత్తది తీసుకోవాల్సిందే. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి డిఫాల్ట్ పిన్, పీయూకే రెండూ అడిగి రాసుకున్నాకే మొదలుపెట్టండి. డిఫాల్ట్ పిన్‌ని వెంటనే మార్చడం మర్చిపోవద్దు, అందరికీ తెలిసిన పిన్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

దీనికి ఒక లోపం ఉంది. దొంగ ఫోన్ ఆఫ్ చేయకుండా, సిమ్ తీయకుండా ఉంచితే పిన్‌తో పని లేదు. లాక్ స్క్రీన్ మీద ఎస్సెమ్మెస్ కనిపిస్తే ఓటీపీ చదివేసుకుంటాడు. అందుకని నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో, లాక్ ఉన్నప్పుడు మెసేజ్ లోపలి మాటలు కనపడకుండా చేసుకోండి. వాట్సాప్ కోడ్ కాల్ రూపంలో కూడా వస్తుంది, లాక్‌లో ఉన్న ఫోన్‌లో కూడా కాల్ ఎత్తవచ్చు. అందుకే ఆ టూ-స్టెప్ పిన్ తప్పనిసరి. అది మనం పెట్టకపోతే అవతలివాడు పెట్టేయగలడు. అప్పుడు మన నంబర్‌తో మనమే తిరిగి చేరడానికి 7 రోజులు ఆగాల్సి రావచ్చు.

ఫోన్ నిజంగానే పోతే నా లెక్కలో వరుస ఇది: ముందు పక్కవాళ్ళ ఫోన్ తీసుకుని సిమ్ బ్లాక్ చేయించాలి, వెంటనే బ్యాంకుకి చెప్పాలి. డబ్బు పోయిందని తెలిస్తే 1930కి కాల్. ఫోన్‌ని గూగుల్ అకౌంట్ ద్వారా లాక్ చేయడం, వెతకడం ఆ తర్వాతే. చాలామంది మ్యాప్‌లో చుక్క చూస్తూ మొదటి గంట పోగొట్టుకుంటారు. పోలీస్ కంప్లైంట్ ఇచ్చి, డూప్లికేట్ సిమ్ తీసుకున్నాక, 2023 మే నెలలో మొదలైన సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబర్ ఇచ్చి ఫోన్‌ని బ్లాక్ చేయించవచ్చు. ఆ 15 అంకెల నంబర్ కోసం ఇప్పుడే *#06# డయల్ చేసి, రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నంబర్లూ కాగితం మీద రాసుకోండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో పెట్టుకుంటే ఏం లాభం?

ఇంకో చిక్కు చాలామందికి ముందు తెలియదు. డూప్లికేట్ సిమ్ యాక్టివేట్ అయ్యాక 24 గంటల వరకు ఎస్సెమ్మెస్‌లు రావు. మోసాలు ఆపడానికి పెట్టిన రూల్ అది, మంచిదే. కానీ ఆ రోజంతా మనకి కూడా ఓటీపీ రాదు. జీమెయిల్‌లోకి వెళ్దామంటే, మీరేనా అని గూగుల్ అడిగేది పోయిన ఫోన్‌నే! అందుకే గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో టూ-స్టెప్ వెరిఫికేషన్ కింద బ్యాకప్ కోడ్‌లు తీసుకోండి. ఒకేసారి 10 ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. నావి ప్రింట్ తీసి బీరువాలో ఇంటి కాగితాల మధ్య పెట్టాను, పీయూకే నంబర్ కూడా అదే కాగితం మీద ఉంది.

ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల ఫోన్‌కి సిమ్ పిన్ పెట్టాలా అని అడిగితే, నేను తొందరపడి పెట్టమనను. రాత్రి అప్‌డేట్ అయి ఫోన్ దానంతటదే రీస్టార్ట్ అయితే, వాళ్ళు పిన్ కొట్టేదాకా మన కాల్ కూడా వాళ్ళకి వెళ్ళదు. వాళ్ళకి పిన్ గుర్తుంటుందనుకుంటే పెట్టండి, ఒకసారి ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయించి వాళ్ళ చేతే కొట్టించండి. లేదంటే వాళ్ళ ఫోన్‌లో వాట్సాప్ పిన్ పెట్టి, పౌచ్‌లోంచి ఏటీఎం కార్డు తీసేయండి చాలు.