నైస్ అంటే తప్పేముంది చెల్లీ!

స్కూల్లో టీచరు మన పిల్లాడి గురించి నాలుగు మంచి మాటలు చెబుతుంది. మన నోట్లోంచి ఒక్కటే ఊడిపడుతుంది, 'నైస్ మేడమ్, వెరీ నైస్' అని. ఇంటికొచ్చాక 'ఇంకో మాటే రాలేదేంటి నాకు?' అని మనల్ని మనమే తిట్టుకుంటాం. నిజం చెప్పు, ఎన్నిసార్లు ఇలా అనుకోలేదు?

ముందు ఆ దిగులు మానెయ్యి. ఇంగ్లిషు వాళ్లకీ ఇదే పాట. జేన్ ఆస్టెన్ 'నార్తాంగర్ ఆబీ' నవలలో క్యాథరిన్ ఓ పుస్తకాన్ని నైస్ అంటే, హెన్రీ టిల్నీ ఆ పిల్లని ఎంతగా ఆటపట్టిస్తాడో! ఆ నవల అచ్చయి 200 ఏళ్లు దాటింది. అసలు ఈ నైస్‌కి మూలం 'ఏమీ తెలియని' అనే అర్థమున్న లాటిన్ మాట. ఇంగ్లిషులోకి వచ్చిన కొత్తలో ఎవరినైనా నైస్ అంటే తెలివితక్కువవాళ్లని అర్థం. 'మంచి, హాయైన' అనే అర్థం 18వ శతాబ్దంలో స్థిరపడింది. అంత అవస్థపడి మంచి పేరు తెచ్చుకున్న మాటని వాడటానికి మనకెందుకు సిగ్గు?

అయితే మనం తడబడే చోటు ఒకటుంది. తెలుగులో అన్నిటికీ 'గా' తగిలిస్తాం కదా, కూర కమ్మగా ఉంది, చీర అందంగా ఉంది అని. ఆ అలవాటుతో 'లుక్స్ నైస్లీ' అనేస్తాం. వద్దమ్మా. చూపు, వాసన, రుచి చెప్పేటప్పుడు ఆ మంచితనం వస్తువుది. కాబట్టి 'లుక్స్ నైస్, స్మెల్స్ నైస్' అంటే చాలు. ఎలా పాడింది, ఎలా రాసింది అని పని తీరు చెప్పేటప్పుడే నైస్లీ. 'షి సింగ్స్ నైస్లీ', అంతే. రంగు, వయసు లాంటివి పక్కన చేరితే మన అభిప్రాయమే ముందుండాలి. 'నైస్ న్యూ రెడ్ శారీ' అనాలి, 'రెడ్ న్యూ నైస్' అంటే వినేవాళ్లకి ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఆఫీసులో ఎవరైనా 'నైస్ ట్రై' అంటే మురిసిపోకు. పని కాలేదు, పోనీలే అని ఊరడించడం అది, ఒక్కోసారి వెటకారం కూడా. 'దట్స్ నాట్ వెరీ నైస్' అంటే బాగా నొచ్చుకున్నారని. వెంటనే సారీ చెప్పెయ్.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా పట్టుకో. పక్కింటావిడ మంచి డాక్టరు ఎవరని అడిగిందనుకో. 'నైస్ డాక్టర్' అంటే నవ్వుతూ పలకరిస్తాడని, 'గుడ్ డాక్టర్' అంటే వైద్యం బాగా చేస్తాడని. జ్వరంతో ఉన్న పిల్లని తీసుకెళ్లేవాళ్లకి రెండోదే కదా కావాలి?

అలాగే మన దగ్గర పనిచేసిన అమ్మాయి వేరే ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం అడిగితే 'నైస్ గర్ల్' అని చేతులు దులుపుకోకు. స్వభావం మంచిదని తెలుస్తుందే కానీ పనెలా చేస్తుందో తెలియదు. లెక్కలు తప్పులేకుండా చూస్తుందనో, చెప్పిన టైముకి పని ముగిస్తుందనో రాయి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు చూసేది అదే.