నాడీప్రసారకములు – వాని తరగతులు

విద్యార్థులారా! తిరుత్తణి కొండమెట్లు ఎక్కునపుడు మీ కాలి కండరమునకు ఆజ్ఞ నందించునది ఎసిటైల్‌కోలిన్ అను రసాయనము. నాడికొసనుండి సన్నని ఎడమును దాటి వార్తను మోయు ఇట్టివానిని నాడీప్రసారకము లందురు.

నిర్మాణమును బట్టి గ్లూటమేట్, గాబా అమైనో ఆమ్లములు, డోపమిన్, సెరటోనిన్ మోనోఅమైనులు, ఎండార్ఫినులు పెప్టైడులు. ఎసిటైల్‌కోలిన్ విడిగా నిలుచును. ప్రేరకములు, నిరోధకములు అను విభజనను మాత్రము గట్టిగా నమ్మరాదు: కాలిని కదల్చు ఎసిటైల్‌కోలినే గుండె వేగమును తగ్గించును. ఫలము, దానిని అందుకొను గ్రాహకమును బట్టి యుండును.

తరగతులును మారుచుండును. మన పొరుగున మద్రాసు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్క్‌తో కలిసి, జర్మనీలో లోమన్ వేరుగా, 1929లో కండరమునందు ఏ.టి.పి.ని కనుగొనిరి. అది శక్తినిచ్చు పదార్థమనియే చిరకాలము ఎంచిరి. అదియు నాడీప్రసారకమేయని 1972లో బర్న్‌స్టాక్ చెప్పగా పలువురు నమ్మలేదు. నేడు దానికి ప్యూరినుల తరగతి కలదు. సుబ్బారావుగారు 1948లోనే గతించిరి. ఈ సంగతి వారెరుగరు.