డిజిటల్ ప్రసారములు – చిన్న కేబులు కేంద్రముల చిక్కులు

రావికమతమువంటి గ్రామములలో టెలివిజను నేడు ఎవరికిని వింత కాదు. అయితే బొమ్మ ఇంటికి చేరు మార్గము ఇటీవల మారినది. ఆ మార్పువలన చిన్న కేబులు కేంద్రములకు కలిగిన చిక్కులను, అందు పంచాయతీ సభ్యులు చేయదగిన పనిని ఇచట వివరింతుము.

పాత పద్ధతిని అనలాగ్ అందురు. ఒక గది, మేడపై నాలుగైదు డిష్షులు, స్తంభములమీదుగా లాగిన తీగ – ఇంతమాత్రముతో ఒక వ్యక్తి గ్రామమంతటికి ప్రసారములు అందింపగలిగెడివాడు. తన లోకల్ ఛానలులో ఊరి జాతరను, గ్రామసభ ప్రకటనను చూపుటకు ఎవరి అనుమతికొరకును వేచియుండ నక్కరలేకుండెను.

డిజిటల్ పద్ధతిలో బొమ్మయు ధ్వనియు అంకెలుగా మారి, కుదింపబడి వచ్చును. ఒక ఛానలు పట్టుచోట అనేక ఛానళ్లు ఇముడును. తీగలో బలము తగ్గినచో అనలాగ్ బొమ్మపై చుక్కలు పడెడివి, కాని బొమ్మ కనబడెడిది. డిజిటల్ బొమ్మయో ముక్కలై, ఆగి, పూర్తిగా మాయమగును. కావున పాత తీగలను, అతుకులను మార్చక తప్పదు.

2011లో పార్లమెంటు కేబులు టెలివిజను చట్టమును సవరించెను. ప్రసారములను సంకేతబద్ధముచేసి, సెట్ టాప్ బాక్సుద్వారా ఇవ్వవలెనని అందలి నిబంధన. 2012లో మహానగరములతో ఆరంభమైన ఈ మార్పునకు హైదరాబాదు, విశాఖపట్నములలో 2013 మార్చి 31, గ్రామములలో 2017 మార్చి 31 గడువులు.

సంకేతబద్ధము చేయు యంత్రములకు, చందాదారుల లెక్కలుంచు ఏర్పాటునకు అగు వ్యయము కొన్ని వందల ఇండ్ల చందాతో తీరునది కాదు. అందువలన పలువురు చిన్న ఆపరేటర్లు స్వంత కేంద్రములను విడిచి, పెద్ద సంస్థలనుండి ప్రసారములు తీసికొనవలసివచ్చెను. లోకల్ ఛానలునకును ఆ సంస్థయే చోటీయవలెను. ఇట్లు ఊరివార్త ఊరిలో వినిపించుట కష్టమైనది.

సభ్యులు చేయదగిన పనులు ఇవి. మొదటిది, ఆపరేటరును గ్రామసభకు పిలిచి చందా, రసీదు, ఛానళ్ల ఎంపిక విషయములు అందరియెదుట చెప్పించుట. రెండవది, పంచాయతీ ప్రకటనలకు లోకల్ ఛానలులో సమయము కోరుట. మూడవది, వీధులు త్రవ్వించుటకు ముందు తీగలు తెగకుండ అతనికి తెలియజేయుట. నాల్గవది, నెలచందా ఈయలేని కుటుంబములకు దూరదర్శన్‌వారి ఫ్రీ డిష్‌ను తెలుపుట. 2004లో ఆరంభమైన ఈ సేవకు డిష్షు, బాక్సు ఒకసారి కొనినచో చాలును, నెలచందా లేదు.

ఒక హెచ్చరిక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానునకు విశాఖ ప్రాంతమున స్తంభములు కూలి, విద్యుత్తు ఆగిపోయెను. విద్యుత్తు లేనిచో ఎంత మంచి బాక్సైనను పలుకదు. కావున దండోరాను, బ్యాటరీ రేడియోను విడువరాదు. ఈ విషయములను రాబోవు గ్రామసభలో చర్చింపవలెనని కోరుచున్నాము.