ముంగిటికి వచ్చిన బడి

పూర్వము తెలుగు పల్లెలలో పిల్లవానికి ఐదవ యేడు వచ్చినంతనే తలిదండ్రులు మంచి ముహూర్తము చూచి బడిలో వేయుట ఆచారముగా నుండెడిది. ఆనాడు పిల్లవానికి తలంటి పోసి, క్రొత్త బట్టలు కట్టి, పళ్లెములో బియ్యము పోసి యుంచెడివారు. పంతులుగారు వాని చూపుడువ్రేలు పట్టి ఆ బియ్యములో అక్షరములు దిద్దించెడివారు. తోడి పిల్లలకు పప్పుబెల్లములు పంచెడివారు. కలిగినవారైనచో పలకలు, బలపములు కూడ పంచెడివారు. మఱునాటినుండి పిల్లవాడు వీధిబడికి పోవలెను. పోనని మారాము చేసినచో పెద్దపిల్లలు నలుగురు వచ్చి, కాళ్లును చేతులును పట్టుకొని, మోసికొని పోవుటయు కలదు.

ఈ వేడుక అన్ని ఇండ్లలో జరిగెడిది కాదు. ఆడపిల్లలకు అరుదు. కూలి చేసికొని బ్రతుకువారి బిడ్డలకు అసలే లేదు. ఆ యిండ్లలో తెల్లవాఱకముందే తల్లి పొలమునకు పోవును. ఎనిమిదేండ్ల అక్క చంకలో రెండేండ్ల తమ్ముడుండును. అట్టి పిల్లను బడిలో చేర్చువారెవరు? చేర్చినను, ఆ చంకలోని పిల్లవాని మాట యేమి?

ఈ ప్రశ్నను విడువక పట్టుకొన్న స్త్రీ తారాబాయి మోదక్. ఆమె 1892వ సంవత్సరమున బొంబాయిలో జన్మించెను. స్త్రీలు పట్టభద్రులగుట మిక్కిలి అరుదుగా నున్న ఆ కాలమున ఆమె బి. ఏ. పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యెను. తరువాత రాజకోటలో ఉపాధ్యాయినులకు శిక్షణ నిచ్చు కళాశాలకు అధ్యక్షురాలయ్యెను. మంచి ఉద్యోగము, మంచి జీతము. ఆ దినములలోనే భావనగరమునందలి గిజుభాయి బధేకా అను నతని పనిని గూర్చి ఆమె వినెను.

గిజుభాయి మొదట వకీలు. తన కుమారుని ఎట్లు పెంచవలెనని ఆలోచించుచు ఆయన మేరియా మాంటిసోరి వ్రాతలు చదివెను. మాంటిసోరి ఇటలీదేశపు వైద్యురాలు. 1907లో రోమునగరమున పేదలుండు పేటలో చిన్నపిల్లల కొఱకు ఒక గృహమును తెఱచినది. బిడ్డను కదలకుండ కూర్చుండబెట్టి వల్లె వేయించుటకు బదులుగా, వాని చేతికి వస్తువు లిచ్చినచో వాడే నేర్చుకొనునని ఆమె చూపెను. గిజుభాయి వకీలుపని మాని, 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించెను. అచట బెత్తము లేదు. కథలు, పాటలు, ఆటలు కలవు. ఆయనకు గుబురుమీసము లుండెడివి. జనులు ఆయనను ‘మీసముల తల్లి’ యని పిలిచిరి! తారాబాయి తన ఉద్యోగమును వదలి ఆ బాలమందిరమున చేరెను. 1926లో వారిరువురును నూతన బాలశిక్షణ సంఘమును నెలకొల్పిరి.

గిజుభాయి 1939లో మరణించెను. ఆ సంవత్సరమే మాంటిసోరి మదరాసు నగరమందలి అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుటచే, ఆమె పద్ధతి దక్షిణదేశమునను వ్యాపించెను. కాని ఆ పద్ధతికి కావలసిన కొయ్యదిమ్మెలు, పూసలు, పెట్టెలు ఖరీదైనవి. అందుచేత పేదల బిడ్డల కొఱకు పుట్టిన బడి, మనదేశమున పెక్కుచోట్ల కలిగినవారి బిడ్డల బడి యయ్యెను. తారాబాయి మనస్సునకు ఇది సరిపడలేదు.

1945లో ఆమె బొంబాయిని విడిచి, సముద్రతీరమందలి బోర్డీ యను గ్రామమున బాలశిక్షణకేంద్రమును తెఱచెను. అనూతాయి వాఘ్ అను యువతి ఆమెకు తోడుగా వచ్చెను. అనూతాయికి పదుమూడవ యేట వివాహమై, ఆఱుమాసములు గడవకుండనే భర్త పోయెను; ఆమె పట్టుదలతో చదివి ఉపాధ్యాయిని యయ్యెను. వారు వెళ్లిన సమయము సామాన్యమైనది కాదు. ఆ తాలూకాలోని వార్లీలను గిరిజనులు ఆ సంవత్సరముననే భూస్వాముల వెట్టిచాకిరిపై తిరుగబడిరి. పూట గడవని ఇండ్లకు పోయి ‘మీ బిడ్డను బడికి పంపుడు’ అనుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

బడి తలుపులు తెఱచియే యున్నవి. పేదల పిల్లలు మాత్రము రాలేదు. తల్లులు పనికి పోయిరి. తెచ్చి దింపువారు లేరు. దూరము, భయము, చింపిరి బట్టలవలన సిగ్గు, అన్నిటికంటె మించి కులము – ఇన్ని అడ్డములు. ఇట్టి స్థితిలో ‘వారికి చదువుపై శ్రద్ధ లేదు’ అని నెపము వేసి ఊరకుండుట సులభము. పలువురు అట్లే చేయుదురు. తారాబాయి అట్లనలేదు. బిడ్డ బడికి రాలేకున్నచో బడియే బిడ్డకడకు పోవలెనని నిశ్చయించెను.

వారు సామానులు మూట గట్టుకొని, నాడు హరిజనవాడ యని పిలువబడిన వాడకు పోయి, ఒక ఇంటి ముంగిట దించిరి. చెట్టునీడయే పైకప్పు. మొదటి పాఠము అక్షరములు కాదు, స్నానము. పిల్లలకు నీళ్లు పోసిరి, తలలు దువ్విరి, గోళ్లు తీసిరి. పిమ్మట పాట పాడిరి, కథ చెప్పిరి. ఖరీదైన పూసలకు బదులు సముద్రపు గవ్వలు, గులకరాళ్లు, గింజలు, ఆకులు, బంకమట్టి వచ్చినవి. లెక్కించుటకు గింజ చాలదా? గుండ్రనిది, కోలది, నునుపైనది, గరుకైనది – ఇవన్నియు నేలమీదనే దొరకును. ఇంటిముందరి చోటును సంస్కృతమున ‘అంగణము’ అందురు. ఆ పదమును బట్టి ఈ బడికి ‘అంగన్‌వాడీ’ అని పేరు వచ్చినది. మన మాటలో చెప్పవలెనన్న అది ముంగిలిబడి.

1957లో ఈ పని దాపుననున్న కోస్‌బాడ్ గుట్టకు మాఱి, వార్లీ పిల్లల నడుమ సాగినది. అచట శిశువుల ఉయ్యాలగది, చిన్నపిల్లల బాలవాడి, పెద్దపిల్లల ప్రాథమికపాఠశాల ఒకే ఆవరణమున నుండెను. అక్క తమ్ముని చంకనెత్తుకొనియే వచ్చును. వానిని ఉయ్యాలగదిలో దింపి, తాను పలక పట్టుకొని కూర్చుండును. పశువులు కాచు పిల్లలు గుట్ట దిగి రాలేకున్నచో ఉపాధ్యాయులే బీటికి పోయి వారికి చదువు చెప్పిరి. దానికి పచ్చికబడి యని పేరు. ఒక కన్ను పలకపై, ఒక కన్ను ఆవుపై!

1962లో ప్రభుత్వము తారాబాయికి పద్మభూషణ బిరుదు నిచ్చెను. 1973లో ఆమె కన్నుమూసెను. మఱి రెండేండ్లకు, 1975 అక్టోబరు 2వ తేదీన, కేంద్రప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును దేశమున 33 ప్రాంతములలో ప్రారంభించి, అందలి కేంద్రములకు అంగన్‌వాడీ యను పేరే పెట్టినది. పౌష్టికాహారము, టీకాలు, ఆరోగ్యపరీక్ష, మూడు మొదలు ఆఱేండ్లవఱకు ఆటపాటలతో కూడిన చదువు – ఇవి వాని పనులు. ఆఱు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు చదువు రాజ్యాంగమున హక్కుగా నున్నది. ఆఱేండ్ల లోపువారి విషయమున మాత్రము, 2002 నాటి సవరణ ప్రకారము, ప్రభుత్వము యత్నింపవలెనని యున్నది. హక్కు వేఱు, యత్నము వేఱు. కావుననే ఈ చిన్న కేంద్రముల బరువు పెద్దది. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడవ యేటినుండియే విద్యాక్రమమును లెక్కించినది.

నేడు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను అంగన్‌వాడీ లేని పల్లె అరుదు. కూలికి పోవు తల్లి మూడేండ్ల కూతురిని చేయి పట్టుకొని తెచ్చును. ముహూర్తము లేదు, పప్పుబెల్లములు లేవు. కార్యకర్త పుస్తకమున పేరు వ్రాసికొని, బిడ్డను తక్కెడలో కూర్చుండబెట్టి తూచును. బిడ్డ తల్లికొంగు వదలదు. ఆయా ఎత్తుకొని గింజలడబ్బా ఆడించి చప్పుడు చేయును. తల్లి గడపదాటి, గోడచాటున ఒక నిమిషము నిలిచి, లోపలి ఏడుపు ఆగినదో లేదో చెవియొగ్గి విని, కొడవలి తీసికొని పొలమునకు సాగును.