నల్లమల దారి మీద పెద్దవాడి మాటలు

నరసరావుపేట, చిలకలూరిపేట వైపు పత్తీ మిరపా వేసే ఊళ్లలో కొండ అంటే ముందు కోటప్పకొండ, తర్వాత శ్రీశైలం. కోటప్పకొండకు పొద్దున వెళ్తే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. శ్రీశైలం అలా కాదు. దోర్నాల దాటాక 50 కిలోమీటర్ల అడవి ఉంది. కుర్రతనంలో ఆర్టీసీ బస్సులో, తర్వాత జీపులో, ఇప్పుడు పిల్లల కార్లో ఆ దారిన తిరుగుతూనే ఉన్నాను. మా మనవళ్లు ఈసారి వాళ్లే బండి తీసుకుని వెళ్తామంటే చెప్పిన మాటలు ఇవి.

1. వినుకొండ దాటాక తొందర మానండి.

మనవాళ్లు తెల్లవారుజామున బయల్దేరతారు, దర్శనం చేసుకుంటారు, చీకటి పడేలోగా వెనక్కి మళ్లుతారు. దారంతా నిద్రే. దారిలో త్రిపురాంతకం ఉంది. శ్రీశైలానికి తూర్పు ద్వారం అదే. ముందు అక్కడ దండం పెట్టుకుని అడవిలో అడుగుపెట్టడం పాత ఆచారం. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలంలో భక్తుల కోసం మెట్లు కట్టించాడు. అంటే మన మైదానానికీ ఆ కొండకూ రాకపోకలు నిన్నమొన్నటివి కావు. తోకపల్లి దగ్గర 544డి జాతీయ రహదారి వదిలి 765 ఎక్కితే దోర్నాల వస్తుంది. డీజిలూ నీళ్లూ అక్కడే చూసుకోండి. లోపల చాలా దూరం ఫోన్ పలకదు, ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి ఎక్కండి.

2. గేటు వేశారంటే ఆగిపోండి.

రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఘాట్‌లోకి బండ్లను వదలరు. అక్కడ అటవీ సిబ్బందితో వాదనకు దిగేవాళ్లను చూస్తే నాకు మనసు కష్టంగా ఉంటుంది. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయి అమ్రాబాద్ వైపు తెలంగాణకు పోయాక కూడా మన వైపు 3,700 చదరపు కిలోమీటర్లకు పైగా మిగిలింది. దేశంలోని పులుల అభయారణ్యాల్లో ఇదే పెద్దది. రాత్రి అక్కడ దుప్పులూ, వాటి వెనక చిరుతలూ రోడ్డు దాటుతుంటాయి. హెడ్‌లైటు కళ్లల్లో పడితే జంతువు పారిపోదు, ఉన్నచోటే నిలబడిపోతుంది. ఆలస్యమైతే దోర్నాలలోనో మార్కాపురంలోనో పడుకుని తెల్లారి బయల్దేరండి.

3. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి.

ఈ ఒక్క విషయం మా మనవళ్లకు మళ్లీ మళ్లీ చెప్పాను. దిగుడులో న్యూట్రల్ చేసి, డీజిలు మిగిలిందని సంతోషపడేవాళ్లున్నారు. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ బరువంతా బ్రేకు మీద పడుతుంది. బ్రేకు వేడెక్కితే ముందు మాడు వాసన వస్తుంది. అప్పటికీ ఆపకపోతే పెడలు మెత్తబడి లోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు. వాసన తగలగానే వెడల్పు చోటు చూసి పక్కకు తీయండి, చక్రాల వెనక రాళ్లు పెట్టండి, చల్లారేదాకా కూర్చోండి. తొందరపడి చక్రాల మీద నీళ్లు గుమ్మరించకండి, వేడి మీదున్న డిస్కు వంకర పోతుంది.

ఎక్కే బండికే ముందు దారి. ఇది మర్యాదే కాదు, రూలు కూడా. ముడి మలుపులో ఎదురుగా బస్సు వస్తే దానికి రోడ్డంతా కావాలి. ఈ చివరనే ఆగండి, అది తిరిగి రానివ్వండి. ఆర్టీసీ డ్రైవర్లు మలుపుకు ముందు హారన్ కొట్టి, వేగం తగ్గించి, లోపలికి వెళ్లాక యాక్సిలరేటర్ ఇస్తారు. వీలైతే ఒక బస్సు వెనకే పోతూ వాళ్ల నడక చూడండి. అంతకంటే మంచి గురువు ఆ ఘాట్‌లో దొరకడు. మలుపుల్లో కడుపు తిప్పుతుంది, పిల్లల్ని ఖాళీ కడుపుతోనూ, కడుపు నిండా పెట్టి కూడా ఎక్కించకండి.

4. చేను తీరిక వేరు, అడవి అందం వేరు.

మనకు చేతిలో డబ్బులూ తీరికా వచ్చేది మిరపకాయ కోసి, కల్లంలో ఆరబెట్టి, టిక్కీలు గుంటూరు యార్డుకు చేరాక. అంటే ఏప్రిల్, మే. అప్పటికి నల్లమల ఆకు రాల్చి ఎండిపోయి ఉంటుంది. పచ్చగా ఉండేది సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో మనకు పత్తి తీతలు, మిరపకు మందు కొట్టడాలు. అయినా రెండు రోజులు చూసుకుని వెళ్లండి. కార్తీక సోమవారాల్లో మాత్రం వద్దు, ఆ జనంలో అడవి కనపడదు. మార్గశిరంలో, వారం మధ్యలో మంచిది. శివరాత్రికే వెళ్లేట్టయితే మోదుగలు చూడండి. కల్లంలో పోసిన కాయలా, ఆకు లేని కొమ్మల నిండా ఎర్రగా ఉంటాయి. ఆ రోజుల్లో ఒక్క బీడీ ముక్క చాలు, కొండ పక్కంతా అంటుకోవడానికి.

5. కోతులకు ఏమీ పెట్టకండి.

పుణ్యమనుకుని అరటిపండ్లు విసురుతారు. ఆ రుచి మరిగిన కోతి రోడ్డు వదలదు, చివరికి బండి కింద పడేది అదే. దండం పెట్టుకుని ముందుకు పోండి.

6. చెంచుల గూడెంలో అతిథుల్లా ఉండండి.

చిన్నారుట్ల లాంటి గూడేలు దారి పక్కనే ఉన్నాయి. శ్రీశైలం మల్లన్న తమ ఆడపిల్లను పెళ్లాడాడని చెంచుల నమ్మకం, అందుకే ఆయన్ని చెంచు మల్లయ్య అంటారు. పులి అడుగు చూసి ఎప్పటిదో, ఎటు పోయిందో చెప్పగలిగేవాళ్లు, అడవి కాపలాలో అటవీశాఖకు తోడుగా ఉన్నవాళ్లు వాళ్లు. అడక్కుండా ఫోన్ ఎత్తి ఫొటోలు తీయకండి. "అన్నా, అక్కా" అని పలకరించండి. తేనె కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. ఆ సంస్థ తేనె కొనేది అడవిలో సేకరించే గిరిజనుల దగ్గరే.

7. పులి కనపడలేదని చిన్నబుచ్చుకోకండి.

తుమ్మలబైలు దగ్గర సఫారీ జీపులుంటాయి. వానాకాలంలో ఆపేస్తారు కాబట్టి ముందే కనుక్కోండి. దుప్పులు, నెమళ్లు, కొండముచ్చులు కనపడితే ఆ రోజు బాగున్నట్టే. శిఖరేశ్వరం దగ్గర దిగి, నంది కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరం చూశాక అక్కడే కాసేపు నిలబడి చుట్టూ కొండల వరసలు కూడా చూడండి.

8. ఆ కొండ మన పొలానికి నీళ్లిస్తోందని గుర్తుంచుకోండి.

గుండ్లకమ్మ నల్లమలలోనే, గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి కంభం చెరువు నింపి, అద్దంకి మీదుగా సముద్రానికి పోతుంది. కృష్ణ ఆ కొండల్ని కోసుకుంటూ శ్రీశైలం నుంచి సాగర్‌కు వస్తుంది. సాగర్ కుడి కాలవ కింద మనం వేసే పత్తీ మిరపా ఆ నీళ్లవే. మార్కాపురం, కనిగిరి, గిద్దలూరు రైతులు ఎదురుచూస్తున్న వెలిగొండ నీళ్లు కూడా దోర్నాల దగ్గర కొండ కింద తవ్విన సొరంగాల్లోంచే రావాలి. కొండ మీద చెట్టు ఉంటేనే వాన నీరు ఇంకుతుంది, వాగు నిదానంగా పారుతుంది. చెట్టు పోతే మట్టి కొట్టుకొచ్చి చెరువు పూడిపోతుంది. కంభం చెరువు కింది రైతును అడగండి, పూడిక అంటే ఏమిటో చెబుతాడు.

అందుకని బయల్దేరేటప్పుడు బండిలో ఒక ఖాళీ గోతం వేసుకోండి. నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు, పులిహోర పొట్లాల కాగితాలు అన్నీ అందులో వేసి కిందికి తెచ్చి, చెత్త తీసే ఊళ్లోనే పారేయండి. దారిలో మీవి కానివి రెండు సీసాలు కనపడితే అవి కూడా ఏరి అందులోనే వేయండి.