ట్రాక్టరు వెనక టైర్లు మారుస్తున్నారా? ముందు నేల చూడండి, తర్వాత బేరం

తొలకరి దగ్గరపడే కొద్దీ టైర్ల దుకాణాల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఏడాదంతా "ఈ ఒక్క పంటకు గడిచిపోతుందిలే" అని నెట్టుకొచ్చిన టైర్లు సరిగ్గా దుక్కుల నాటికే మొరాయిస్తాయి. అప్పటికప్పుడు పరుగెత్తుకెళ్లిన రైతుకు బేరమాడే వ్యవధి ఉండదు, టైరు తిప్పి చూసే ఓపికా ఉండదు. దుకాణంలో ఏది ఉంటే అది బిగించుకొని వచ్చేస్తాడు. రెండు మూడెకరాల రైతుకు గానీ, అన్నదమ్ములు కలిసి సెకండ్ హ్యాండ్ ట్రాక్టరు కొనుక్కున్న ఇంటికి గానీ వెనక టైర్ల జత చిన్న ఖర్చు కాదు. చాలామంది అప్పు తెచ్చే పెడతారు. అందుకని ఈ పని వానల ముందు కాకుండా, పంట ఇంటికొచ్చి ట్రాక్టరు ఖాళీగా ఉన్న రోజుల్లోనే పెట్టుకోవాలి.

అసలు మార్చాల్సిన అవసరం ఉందా?

టైరు మీద వాలుగా లేచి ఉండే రబ్బరు గట్లను మనవాళ్లు బటన్లంటారు. అవి అరిగినట్టు కనిపించగానే టైరు పనైపోయిందనుకోవద్దు. చక్రం ఎంత జారుతోందో కొలిచి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఇందుకు సుద్దముక్క, రెండు పుల్లలు, ఒక టేపు చాలు.

వెనక టైరు పక్కభాగంలో, నేలకు ఆనే చోట సుద్దతో ఒక గీత గీయండి. దానికి ఎదురుగా నేలలో ఒక పుల్ల గుచ్చండి. నాగలి పైకెత్తి, రోజూ దున్నే గేరులోనే ట్రాక్టరు నడపండి. గీత పదిసార్లు కిందికొచ్చాక ఆపి, అక్కడ రెండో పుల్ల గుచ్చి మధ్య దూరం కొలవండి. తర్వాత నాగలి దించి, మామూలుగా దున్నే లోతులో మళ్లీ పది చుట్లు నడిపి కొలవండి. చుట్లు లెక్కపెట్టే మనిషి చక్రానికి రెండు బారల దూరంలో నడవాలి, పక్కపక్కనే నడవకూడదు.

ఉదాహరణకు నాగలి ఎత్తినప్పుడు పది చుట్లకు 40 మీటర్లు, దించినప్పుడు 34 మీటర్లు వచ్చిందనుకోండి. 6 మీటర్లు తగ్గింది. 40లో 6 అంటే 15 శాతం జారుడు. మెట్ట దుక్కిలో 8 నుంచి 15 శాతం దాకా జారడం మామూలే. అసలు జారకపోయినా మంచిది కాదు, ట్రాక్టరు అవసరానికి మించి బరువుగా ఉందన్నమాట. 20 దాటితే ఆలోచించాలి. 30కి చేరితే పది చుట్లలో మూడు చుట్లు వృథా. ఆ మూడు చుట్ల డీజిలు మీరే పోశారు, ఆ మూడు చుట్ల రబ్బరూ మీదే అరిగింది.

జారుడు ఎక్కువగా ఉన్నా వెంటనే టైరు మీద నేరం మోపకండి. గాలి ఎక్కువైతే టైరు గుండ్రంగా ఉబ్బి, మధ్య భాగం మాత్రమే నేలకు ఆని జారుతుంది. టైర్లలో నీళ్లు నింపి వాడే ట్రాక్టరుకు ఆ నీళ్లు తీసేసి ఉన్నా జారుతుంది. ట్రాక్టరు శక్తికి మించిన నాగలి తగిలించినా అంతే. ఈ మూడూ సరిచేసి మళ్లీ కొలవండి. అప్పటికీ జారుతూ, బటన్ల ఎత్తు కొత్తప్పటిలో నాలుగో వంతుకు వచ్చిందంటే మార్చక తప్పదు. పక్కభాగం పగిలి లోపలి దారాలు కనిపిస్తున్నా, ఎక్కడైనా బొబ్బలా ఉబ్బినా బటన్లు ఎంత ఉన్నాయన్నది చూడనక్కర్లేదు. ఆ టైరుతో రోడ్డెక్కకూడదు.

మీ ట్రాక్టరు ఎక్కువగా ఎక్కడ తిరుగుతోంది?

దుకాణంలో మిమ్మల్ని ఎవరూ అడగని ప్రశ్న ఇది. ఇంటి దగ్గరే కూర్చొని మీరే లెక్క వేసుకోవాలి. పోయిన ఏడాది ట్రాక్టరు ఎన్నాళ్లు దమ్ములో ఉంది, ఎన్నాళ్లు మెట్ట దుక్కిలో ఉంది, ఎన్నాళ్లు ట్రాలీతో రోడ్డు మీద ఉంది? ఇటుకలు, ఇసుక, వడ్ల బస్తాలు, చెరకు తోలిన రోజులన్నీ కలపండి. చాలా ఇళ్లలో పొలం కంటే రోడ్డే ఎక్కువ తేలుతుంది. అది తప్పేమీ కాదు, ట్రాక్టరు వాయిదా కట్టేది ఆ కిరాయితోనే. కాకపోతే టైరు కూడా ఆ లెక్కకు తగ్గదే కావాలి.

బురదలో చక్రం కదలాలంటే బటన్లు ఎత్తుగా, ఎడం ఎడంగా ఉండాలి. ఎడం ఉంటేనే మధ్యలో ఇరుక్కున్న మట్టి చక్రం తిరిగినప్పుడు రాలిపోతుంది. దగ్గర దగ్గరగా ఉంటే నల్లరేగడి బంక పట్టేసి, టైరు నున్నటి పీపాలా తయారవుతుంది. వరి దమ్ము కోసమే చేసిన టైర్లకు మామూలు టైర్ల కంటే బటన్లు బాగా లోతుగా ఉంటాయి. కానీ అదే టైరును తారురోడ్డు మీద ట్రాలీకి కడితే ఎత్తయిన బటన్లు అటూ ఇటూ వంగి, వేడెక్కి, ఇట్టే అరిగిపోతాయి. ట్రాక్టరు కుదుపు నడుము పట్టేసేలా ఉంటుంది. రోడ్డు పని ఎక్కువున్నవారికి బటన్లు వెడల్పుగా, తక్కువ ఎత్తులో, దగ్గరగా ఉన్న టైరే నాలుగు కాలాలు మన్నుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. దమ్ముకు టైర్లు ఊడదీసి పూర్తి ఇనప చక్రాలు బిగించేవారికి బురదలో టైరు పనే లేదు. అలాంటివారు దమ్ము టైరు కొనడం దండగ. మెట్ట, రోడ్డు మాత్రమే చూసుకొని కొనాలి. టైరు పక్కన సగం ఇనప చక్రం తగిలించేవారికి మాత్రం టైరు పట్టు కూడా కావాలి.

మెట్టలో సగం అరిగిన టైరు కూడా బాగానే పనిచేస్తుంది. గట్టి నేలలో పట్టు బటను ఎత్తు మీద కంటే టైరు ఎంత వెడల్పున నేలకు ఆనిందన్న దాని మీద, ట్రాక్టరు బరువు మీద ఎక్కువ ఆధారపడుతుంది. కాబట్టి దమ్ము చేయని రైతు ఇంకో ఏడాది ఆగగలడు. మెట్టలో అసలు శత్రువు మోళ్లు. పత్తి, కంది కట్టెను ఏటవాలుగా కొడితే మిగిలిన మోడు బల్లెంలా నిలబడి టైరును పక్కనుంచి పొడుస్తుంది. ఇలాంటి చేలల్లో తిరిగే ట్రాక్టరుకు పక్కభాగం గట్టిగా ఉన్న టైరు చూసుకోవాలి.

రేడియల్ టైర్లు మంచివా అని చాలామంది అడుగుతున్నారు. నేలకు ఎక్కువ వెడల్పున ఆనుతాయి, జారుడు తక్కువ, నేల అణగడమూ తక్కువ, రోడ్డు మీద ఎక్కువ కాలం వస్తాయి. ధర ఎక్కువ. పక్కభాగం పలచన కావడంతో మోళ్లకు, పదునైన రాళ్లకు తొందరగా తెగుతుంది. ఏడాదికి కొద్ది రోజులే పని ఉన్న చిన్న ట్రాక్టరుకు మామూలు టైరే గిట్టుబాటని నా అభిప్రాయం. ఒక పక్క రేడియలు, ఇంకో పక్క మామూలుది మాత్రం ఎప్పుడూ వేయకండి.

టైరు మీద రాత చదవండి

13.6-28 అని ఉంటే టైరు వెడల్పు 13.6 అంగుళాలు, రిమ్ము అడ్డుకొలత 28 అంగుళాలు. మధ్యలో గీత ఉంటే మామూలు టైరు, ఇంగ్లీషు ఆర్ అక్షరం ఉంటే రేడియలు. మన దగ్గర 35 నుంచి 45 హార్స్ పవర్ ట్రాక్టర్లకు ఎక్కువగా 12.4-28, 13.6-28 వస్తాయి. 50 దాటినవాటికి 14.9-28, 16.9-28 ఉంటాయి. కంపెనీ పుస్తకంలో ఏది ఉంటే అదే వేయండి. "కాస్త పెద్దది వేస్తే పట్టు బాగుంటుంది" అనే మాట పంక్చర్ షాపుల్లో తరచూ వినపడుతుంది. రిమ్ము వెడల్పు చాలకపోతే పెద్ద టైరు మధ్యలో ఉబ్బి, మధ్యలోనే అరుగుతుంది. మడ్‌గార్డుకు రాసుకుంటుంది. పత్తిలో, మిరపలో సాళ్ల మధ్య తిరిగేటప్పుడు మొక్కలను తొక్కుతుంది.

12 పీఆర్ అని ఉంటే లోపల పన్నెండు పొరలున్నాయని కాదు. ఎంత గాలి పట్టి, ఎంత బరువు మోయగలదో చెప్పే గుర్తది. అంకె పెరిగితే బలం పెరుగుతుంది, ధరా పెరుగుతుంది. బరువు ట్రాలీలు లాగేవారికి ఎక్కువ అంకె అవసరం. ఒట్టి పొలం పనికి దానికోసం డబ్బు పెట్టనక్కర్లేదు.

వీటన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది తయారీ తేదీ. చాలా కంపెనీల టైర్ల పక్కభాగంలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1825 అంటే 2025లో 18వ వారం. అంకెలు అర్థం కాకపోతే దుకాణదారునే చదివి చెప్పమనండి, ఆ తేదీ బిల్లు మీద రాయమనండి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. షాపు ముందు ఎండలో ఏళ్ల తరబడి పేర్చిన టైరు నల్లగా మెరుస్తూనే ఉంటుంది, కానీ బటన్ల మొదట్లో వేలితో వంచి చూస్తే సన్నని పగుళ్లు కనిపిస్తాయి. ఎంత తగ్గించి ఇచ్చినా అది చౌక కాదు.

ఒక్క టైరే మార్చవచ్చా?

డబ్బు చాలక ఒకటే మార్చేవారు చాలామంది. మా ఇంట్లో కూడా ఒకసారి ఆ పనే చేశాం. ఎడమది పగిలితే కొత్తది వేసి, కుడిది సగం అరిగింది అలాగే ఉంచాం. దున్నుతుంటే ట్రాక్టరు ఒక పక్కకే గుంజేది, నాగలి ఒక పక్క లోతుగా, ఒక పక్క పైపైన పోయేది. కొత్త టైరు చుట్టుకొలత ఎక్కువ కావడమే కారణం. ఆ తేడాను డిఫరెన్షియల్ గేర్లు రోజంతా సర్దుకుంటూ ఉండాలి. ఆ పంట అయ్యేలోపు రెండోదీ కొనక తప్పలేదు. ఒక్కటే కొనగల స్థితి ఉంటే, మిగిలిన టైరుకు సరిపోయేంత అరిగిన మంచి సెకండ్ హ్యాండ్ టైరు వెతికి జత కలపండి. వచ్చే ఏడాది రెండూ కొత్తవి వేసుకోవచ్చు.

నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే ట్రాక్టర్లలో ఇంకా జాగ్రత్త కావాలి. ముందు, వెనక టైర్ల చుట్టుకొలతలకు కంపెనీ ఒక లెక్క పెడుతుంది. అది తప్పితే టైర్లు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. గేర్లు పాడైతే టైరు ధరకు ఎన్నో రెట్లవుతుంది.

రీబటన్ టైరు విషయంలో ఒక్కటే షరతు. పైన వేసిన రబ్బరు చూసి మోసపోకండి, కింది పాత టైరు ఆరోగ్యం చూడండి. మీ టైరే మీరిచ్చి రబ్బరు ఎక్కించుకుంటే దాని చరిత్ర మీకు తెలుసు. ఎవరిదో తెలియని టైరుకు కొత్త బటన్లు వేసి అమ్ముతుంటే టార్చిలైటుతో లోపలి వైపు చూడండి. అతుకులు, విడిపోయిన పొరలు, తుప్పు మరకలు ఉంటే వదిలేయండి.

బిగించేటప్పుడు దగ్గరుండండి

పాత టైరులో నీళ్లుంటే ముందే తీసేయాలి. 13.6-28 టైరులో ముప్పాతిక భాగం నీళ్లుంటే 150 కిలోలకు పైనే బరువు ఉంటుంది, మీద పడితే కాలు విరుగుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా ఇరుసు కింద దిమ్మెలు పెట్టించండి. కొత్త టైరులో పాత ట్యూబు వేయనివ్వకండి. సాగిన ట్యూబు లోపల మడతపడి, ఆ మడత దగ్గరే చిరుగుతుంది. రిమ్ము తుప్పు గీకి రంగు వేయించండి. ఎరువుల బస్తాలు మోసే, బురదలో తిరిగే ట్రాక్టర్లకు ఈ తుప్పు మామూలే. టైరు అంచు రిమ్ములో కూర్చోవడానికి సబ్బునీళ్లు రాయాలి. గ్రీజు, డీజిలు రాస్తే రబ్బరు చెడుతుంది. అంచు కూర్చోలేదని గాలి పెంచుకుంటూ పోకూడదు. 35 పౌండ్లు దాటకుండానే కూర్చోవాలి. అప్పటికీ రాకపోతే గాలి తీసేసి మళ్లీ మొదలుపెట్టమనండి. అంచు తెగి టైరు ఎగిరిందంటే దగ్గరున్న మనిషికి ప్రాణాపాయం.

టైరు పక్కన బాణం గుర్తు తిరిగే దిక్కును చూపుతుంది. ట్రాక్టరు వెనక నిలబడి చూస్తే బటన్ల కొస పైకి, ఇంటి కప్పులా కనిపించాలి. తిరగబడితే మట్టి రాలదు, బురదలో చక్రం గిరగిరా తిరుగుతూ ఉంటుంది.

వెనక టైర్లకు పొలంలో 12 పౌండ్ల అటూ ఇటూ గాలి చాలా ట్రాక్టర్లకు సరిపోతుంది. ట్రాలీ బరువుతో రోడ్డెక్కితే కొంచెం పెంచాలి. సరైన అంకె మీ ట్రాక్టరు పుస్తకంలో ఉంటుంది. గాలి మరీ తగ్గితే రిమ్ము టైరులో జారి ట్యూబు వాల్వు మొదలంటా తెగుతుంది. నట్లు మొదటి రోజు పని అయ్యాక మరోసారి బిగించండి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టరు టైర్లు, ట్యూబులపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఎంత వేశారో బిల్లు మీద చూడండి. టైరు నంబరు కూడా అందులో రాయించుకుంటే గ్యారంటీ అడిగేటప్పుడు పనికొస్తుంది.

ఊడదీసిన పాత టైర్లలో మంచిది ఒకటి ఉంటే అత్యవసరానికి దాచుకోవచ్చు. దొడ్లో పడేయకుండా నీడన, కప్పు కింద నిలబెట్టి ఉంచండి. ఆరుబయట వదిలేస్తే లోపల వాననీళ్లు నిలిచి, వారం పది రోజుల్లో డెంగ్యూ దోమలు పుడతాయి.