గుట్ట తవ్వకానికి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ

తోలు శుద్ధి కర్మాగారాల వ్యర్థాలతో పాలారు చెడిపోయిన తరువాతనే, 1996లో, వేలూరు పౌరులు సుప్రీంకోర్టు తీర్పు పొందారు. గుడియాత్తం వైపు పోరంబోకు గుట్టపై గ్రానైటు క్వారీ ప్రతిపాదిస్తే ముందుగానే మాట్లాడవచ్చు.

2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ చిన్న క్వారీలకు కొంత మినహాయింపునిచ్చింది. తక్కినవాటికి కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు ప్రకటించి ప్రజాభిప్రాయం సేకరించాలి. పర్యావరణ నివేదిక సారాంశం కలెక్టరు కార్యాలయంలో తమిళంలో లభిస్తుంది. తమిళం చదవగల పిల్లలను వెంట తీసుకువెళ్లడం మేలు. రాలేనివారు అభ్యంతరాలను మండలికి వ్రాసి పంపవచ్చు.

సభకు కోరం నియమం లేదు. కొద్దిమందే వచ్చినా సభ మొదలుపెట్టవచ్చు. వచ్చినవారు మాట్లాడగానే వెళ్లిపోరాదు. చివరలో అభిప్రాయాల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపిస్తారు. బావినీటి గురించో, పేలుళ్లకు బీటలువారే గోడల గురించో తాము చెప్పినది అందులో లేకుంటే అప్పుడే అడగాలి. ఆ రోజే కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి దానిపై సంతకం చేస్తారు.